నాన్న నిజమన్న అంకె

ఆ గురువారం మధ్యాహ్నం మా ఇంట్లో ఉన్నది వీళ్లు. ముందు గదిలో పరుపు మీద నాన్న. ఆయన పాదాల దగ్గర తస్బీహ్ పూసలు తిప్పుకుంటూ నాన్నమ్మ. గోడకి జారగిలబడి, టీ కెటిల్ తన ముందుకే లాక్కున్న దహ్మాన్ బాబాయ్. గుమ్మం పక్కన, ఎన్నిసార్లు కూర్చోమన్నా కూర్చోని డిస్పెన్సరీ నర్సు లఖ్దర్. వంటింట్లో, కుస్‌కుస్ రవ్వ ఆవిరి మీద పెట్టి అమ్మ. వంటింటికీ ముందు గదికీ మధ్య ఎటూ కాకుండా నేను.

పోయిన వారం ఎక్కడ ఆగామో నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. మా నాన్న బూజెమా ఈ ఎడారి మట్టిగోడల ఊళ్లో, మా క్సర్‌లో నీళ్లు కొలిచే మనిషి. ఇసుక కింద తవ్విన ఫొగ్గారా సొరంగంలోంచి వచ్చే నీళ్లని, దువ్వెన పళ్లలా చెక్కిన రాతి దగ్గర, చిల్లుల రాగి పలకతో కొలిచి ఏ తోటకి ఎంతో పంచేది ఆయనే. ఆ సొరంగాల్లో వంగి ఇసుక బుట్టలు ఎత్తీ ఎత్తీ గజ్జలో పేగు జారింది. పదకొండేళ్లు నడుముకి గుడ్డ బిగించి దాచుకున్నాడు. చివరికి నడవలేక పట్నం వెళితే హెర్నియా అని ఆపరేషను చేశారు. లోపల చాలా పెద్ద ఖాళీ మిగిలింది, అందులో రక్తం నిలవకూడదు అని పెద్ద డాక్టరు ఒక సన్నటి గొట్టం పెట్టి, దాని చివర పిడికిట్లో పట్టేంత ప్లాస్టిక్ బుడ్డి తగిలించి పంపారు. ఈ ఆపరేషనుకి అందరికీ గొట్టం పెట్టరట. "పెట్టడం ఎంతసేపు? పెట్టాక చూసుకోవడమే పని" అన్నారు.

ఆ పని నాకు అప్పగించారు. రోజూ పొద్దున ఏడింటికి బుడ్డి విప్పి, గీతల గ్లాసులో పోసి, ఎంతుందో రాయాలి. తర్వాత బుడ్డిని గట్టిగా నొక్కి, నొక్కినది నొక్కినట్టే ఉంచి మూత బిగించాలి. ఆ నొక్కుడే లోపలున్నదాన్ని బయటికి లాగుతుంది. రోజుకి ముప్పై మిల్లీలీటర్లకి తగ్గి, వరుసగా రెండు రోజులు అలాగే ఉంటే గొట్టం తీసేయొచ్చు. వేరే పుస్తకం లేక నా డైరీలోనే రాశాను. ఆదివారం ఇరవై ఐదు. సోమవారం ఇరవై. మంగళవారం లఖ్దర్ నా అంకెలు చూసి గొట్టం తీసేశాడు. బుధవారం వాపు మొదలైంది. గురువారానికి అది చిన్న ఖర్బూజా అంత అయింది, నాన్న ఒళ్లు వెచ్చబడింది.

ఇప్పుడు కథలోకి వస్తాను.

లఖ్దర్ ఫోను పట్టుకుని సిగ్నల్ కోసం డాబా ఎక్కి, పట్నంలో డాక్టరుతో మాట్లాడుతున్నాడు. ఈలోగా టీ గ్లాసులు కడిగిన నీళ్లు పారబోద్దామని నేను వెనక వాకిట్లోకి వెళ్లాను. ఖర్జూరపు మట్టల దడి మూలకి పళ్లెం వంచానో లేదో, కాళ్లూ చేతులూ కడుక్కుని వుజూ చేసుకోవడానికి వెనకే వచ్చిన నాన్నమ్మ అరిచింది.

"అక్కడ కాదే! కళ్లు లేవా? మీ నాన్న రక్తం ఉందక్కడ."

"ఏం రక్తం నాన్నమ్మా?"

"ఇంకేం రక్తం? ఆ బుడ్డిలోదే. మనిషి ఒంట్లోంచి వచ్చింది మట్టిలో కప్పాలి. నువ్వేమో తూములో పోస్తావ్, మీ బడిలో అదే నేర్పిస్తారు గావును."

"నేను పోసింది తూములోనే కదా. మరి ఇక్కడికెలా వచ్చింది?"

"నువ్వు పొద్దున పోసేది నీది. నమాజుకీ నమాజుకీ ఒంపేది నాది. రక్తం బుడ్డి ఒంటికి వేలాడదీసుకుని అల్లా ముందు కూర్చోమంటావా మీ నాన్నని? ఐదు పూటలా గిన్నె పట్టాను ఈ మోకాళ్లతో. ఈ ఇంట్లో ఒక్కరన్నా అన్నారా, పాపం ముసల్దని?"

నేను చెప్పు మొనతో ఇసుక తీశాను. కింద నల్లగా గడ్డకట్టిన ఒక చిన్న ముద్ద. దాని పక్కన ఇంకోటి. పది దాకా లెక్కపెట్టి ఆపేశాను.

"ఒక్కోసారి ఎంత ఉండేది?"

"టీ గ్లాసులో సగం. ఒక్కోసారి ఇంకాస్త. మంచి రక్తం కాదులే, చెడ్డదే. పోతేనే మంచిది."

టీ గ్లాసులో సగమంటే నలభై. ఐదు నలభైలు రెండు వందలు. నేను రాసింది ఇరవై. తెల్లవారుజాము ఫజర్ నమాజుకి ముందు నాన్న ఒంపేసుకుంటే, అప్పట్నించి నేను కొలిచే ఏడు గంటల దాకా వచ్చిన కొసరు అది. ఆ కొసరుని నేను రోజంతటి లెక్కగా రాసుకున్నాను. గీతల గ్లాసుని కిటికీ దగ్గర వెలుతురుకి పట్టుకుని, కన్ను గీతకి సమానంగా పెట్టి, ఊపిరి బిగబట్టి మరీ రాసుకున్నాను.

ఇంకోటి గుర్తొచ్చి ఒళ్లు మండిపోయింది. రోజూ పొద్దున బుడ్డి ఉబ్బిపోయి ఉండేది. నేను నొక్కి పెట్టిన బుడ్డి తెల్లారేసరికి గాలితో నిండి, ఏమీ లాగకుండా ఊరికే వేలాడుతూ ఉండేది. నా చేతిలో బలం లేదనుకున్నాను. సోమవారం నాన్నకి కనబడకుండా తడి గుడ్డ పిండుతూ పిడికిలి గట్టిపడాలని సాధన కూడా చేశాను. నాన్న చూశాడు. చూసి కళ్లు మూసుకున్నాడు.

మసీదు ఇమాం గారు శనివారమే ఇంటికొచ్చి చెప్పారు. గొట్టం ఉన్న మనిషికి మినహాయింపు ఉంది బూజెమా, ఉన్నవాడివి ఉన్నట్టే నమాజు చదువుకో అని. నాన్న బుద్ధిమంతుడిలా తలూపాడు. తలూపి, ఆయన వీధి మలుపు తిరగ్గానే గిన్నె అడిగాడన్నమాట.

నేను లోపలికి వచ్చేసరికి లఖ్దర్ డాబా దిగి వచ్చాడు. మొహం ఎర్రగా ఉంది, ఎండకో తిట్లకో తెలీదు.

"డాక్టరు గారు ఒక్కటే అడిగారు మామా," అన్నాడు నాన్నతో. "ఇంత పెద్ద హెర్నియాకి రెండో రోజుకే ఇరవై ఏమిటి, నిజంగా అంతేనా అని. నిజంగా అంతే అయితే ఇప్పుడున్నది ఊట నీరే కావచ్చు, దానంతటది ఇంకుతుంది, ఆదివారం చూస్తాం అన్నారు. ఎక్కువ వస్తుండగా తీసేశామా, అయితే లోపల రక్తం గడ్డకట్టింది. ఒళ్లు వెచ్చబడిందంటే అది చెడిపోవడం మొదలైనట్టు. లోపల పేగు మళ్లీ జారకుండా కుట్టిన జాలీ ఉంది, దానికి చీము పడితే మళ్లీ అంతా విప్పాలి. అప్పుడు ఇవాళే బయల్దేరాలి. ఇంకో గంట కూడా ఆగొద్దు అన్నారు."

"ఎక్కువే వచ్చుంటుంది," అన్నాడు బాబాయ్ టీని ఎత్తి పోస్తూ. "పిల్ల ఏదో రాసింది, నువ్వు తీసేశావ్. మా మేక కాలికి కట్టు కట్టేవాడిక్కూడా నీకన్నా అనుమానం ఎక్కువ లఖ్దర్."

"మేకల సంగతి నాకు తెలీదు దహ్మాన్. కాగితం మీద ఏముందో చూశాను. ఉద్యోగం పోతే నీ మేకలు నన్ను పోషిస్తాయా?"

"పిల్ల కలల్లో తిరుగుతుందయ్యా! మొన్న మా ఇంటికి రొట్టెకి పులిసిన ఖమీర పిండి తెమ్మంటే ఉప్పు తెచ్చింది. ఇది కొలిచిందట! అన్నయ్యా, నా మాట విను. బండి పిలుస్తాను, ఇవాళే వెళ్లిపో."

బాబాయ్‌కి నాన్న మీద ప్రేమ పొంగిందనుకోకండి. మర్నాడు శుక్రవారం నమాజయ్యాక దువ్వెన రాయి దగ్గర క్సర్ అంతా కూడుతుంది. ఫొగ్గారా నీరు తగ్గిందని తోటలన్నిటి వాటాలూ మళ్లీ కొలుస్తారు. ఎనిమిదేళ్లకొకసారి జరిగే పని. ఆ రోజు రాగి పలక ఎవరి చేతిలో ఉంటే మళ్లీ ఎనిమిదేళ్లు వాళ్లదే మాట. నాన్న లేకపోతే పలక పట్టేది తమ్ముడే. నాన్నకి అది తెలుసు. అందుకే ఉదయం నుంచి పళ్లు బిగించి, నొప్పి లేదు, వేడి లేదు, ఏమీ లేదు అంటున్నాడు.

నాన్న మోచేతి మీద లేచాడు. నుదుటి మీద చెమట.

"నా కూతురి కొలత తప్పు కాదు," అన్నాడు.

బాబాయ్ మొహం మాడింది.

"తుర్కియా నా బిడ్డ. గింజంత తేడా రానివ్వదు. ఇరవై అని రాసిందంటే ఇరవైయే. నా కళ్లతో నేను చూశాను. డాక్టరుకి చెప్పు లఖ్దర్, ఆదివారం వస్తానని."

రెండేళ్ల కిందట దువ్వెన రాయి దగ్గర, ఒక్కసారి పలక పట్టుకుంటాను నాన్నా అని అడిగాను. ఆడపిల్ల నీడ పడితే నీళ్లు సిగ్గుపడి ఆగిపోతాయ్ అని అందరి ముందూ అన్నాడు. అందరూ నవ్వారు. ఆ రాత్రి డైరీలో ఏమీ రాయలేకపోయాను. నా కొలత సరైనదని ఆయన నోట వినాలని అప్పట్నించీ ఎంత ఆశపడ్డానో నాకే తెలుసు. ఇప్పుడు అన్నాడు. నర్సు ముందు, తమ్ముడి ముందు, తల్లి ముందు అన్నాడు. అబద్ధానికి అన్నాడు.

లఖ్దర్ మొహం తేలికపడింది. అతనికి కావలసిందీ అదే. "అయితే ఇరవై ఖాయమేగా మామా? నేనదే చెప్పేస్తా," అంటూ ఫోను తీశాడు.

నేను నలుగురి ముందు మాట్లాడే పిల్లని కాదు. బడిలో మాస్టారు అడిగితే జవాబు తెలిసినా బల్ల మీద వేలితో రాసుకుంటాను. అదీగాక, నేను నోరు విప్పితే గెలిచేది బాబాయ్. ఆ సంగతి నాకు తెలీకపోలేదు. అప్పుడు ఆయన గడ్డం కింద పుట్టబోయే చిరునవ్వు తలచుకుంటే నోరు విప్పకూడదనే అనిపించింది. కానీ దుప్పటి కింద ఆ వాపు, బిగుసుకుని మెరుస్తున్న ఆ చర్మం, పొద్దున గుడ్డ మారుస్తూ నేను చూశాను.

"ఇరవై కాదు," అన్నాను.

ఎవరికీ వినబడలేదు. లఖ్దర్ అప్పుడే మెట్ల వైపు తిరిగాడు.

"ఇరవై కాదు! రెండు వందలు!"

నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"ఏమిటే?" అన్నాడు బాబాయ్.

"రోజూ ఐదుసార్లు ఒంపేశారు. ప్రతి నమాజు ముందూ. నేను కొలిచింది మిగిలింది మాత్రమే. వెనక దడి మూలన ఇసుకలో ఉంది చూడండి, కావాలంటే తవ్వి చూడండి."

"ఎవరు ఒంపింది?" అన్నాడు లఖ్దర్.

నేను నాన్నమ్మ వైపు చూశాను. పది నిమిషాల కిందట గిన్నె పట్టానని గొప్పగా చెప్పిన నాన్నమ్మ, తన కొడుకు మొహంలోకి చూసింది. అక్కడ ఏం కనబడిందో, పూసలు వేగంగా తిరగడం మొదలెట్టాయి.

"నాకేం గుర్తు బాబూ. ముసల్దాన్ని. దీనికి ఎండ తగిలినట్టుంది."

"నాన్నమ్మా!"

"అరుస్తుందేమిటి నా మీద? ఏం పెంపకమిది!"

నేను వంటింట్లోకి పరుగెత్తి పిండి డబ్బా వెనక దాచిన డైరీ తెచ్చాను. ఎవరికీ చూపించని పుస్తకం అది. అందులో నా సంగతులు చాలా ఉన్నాయి. ఆ పేజీ తీసి లఖ్దర్ చేతిలో పెట్టాను. అతను పైకే చదివాడు, నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"ఆదివారం. ఇరవై ఐదు. బుడ్డి ఉబ్బి ఉంది. నేను సరిగ్గా నొక్కలేదేమో. సోమవారం. ఇరవై. ఇవాళ కూడా ఉబ్బి ఉంది. నా చేయి బలహీనం. రేపు రెండు చేతులతో నొక్కాలి." అతను ఆగి, మళ్లీ ఆ గీతల మీద వేలు పెట్టాడు. "రోజూ ఉబ్బి ఉందా?"

"రోజూ."

"ఇది నాకెందుకు చెప్పలేదు?"

"నా తప్పే అనుకున్నాను."

లఖ్దర్ పుస్తకం మూయకుండానే నాన్న దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నం అతను కూర్చోవడం అదే మొదలు. "ఇరవై వచ్చిన బుడ్డి ఉబ్బదు మామా. మూత తీసి, నొక్కకుండా మళ్లీ పెడితేనే అలా అవుతుంది. గొట్టం ఉండి కూడా లేనట్టే. నిజం చెప్పు. తీశావా?"

నాన్న అతని వైపు చూడలేదు. నా వైపు చూశాడు.

"నేను బతికుండగానే, నా ఇంట్లోనే, నా కొలత దొంగదని నా బిడ్డ సాక్ష్యం చెప్పింది," అన్నాడు. "రేపు నా ముందు ఎవడు నీళ్లు కొలిపించుకుంటాడు?"

"నేనలా అనలేదు నాన్నా."

"ఇంకెలా అన్నావ్?"

అప్పుడు నాలో ఏదో తెగింది. ఇన్నాళ్లూ డైరీలో రాసుకుని మూసేసిన కోపమంతా ఒకేసారి నోట్లోకి వచ్చేసింది.

"బహూస్ తాత ఏం చేశాడని ఆయన వాటా సగం కోయించావ్? కొలత రోజున ఎగువన బిందెలతో తోడించి, నీళ్లు తక్కువొస్తున్నాయని ఏడిచాడనే కదా? అందరి ముందూ ఆయన తలపాగా తీయించావే! కొలత కన్నా ముందే తీసినవాడు దొంగ అన్నావే! నువ్వు చేసిందేమిటి? నీ ఒంట్లోది నువ్వే దొంగిలించుకుని, ఇరవై అని నా చేత రాయించావ్. నా చేయి బలహీనమని నేను ఏడుస్తుంటే చూస్తూ పడుకున్నావ్!"

"తుర్కియా," అంది నాన్నమ్మ, పూసలు ఆపి.

"వెళ్లు అన్నయ్యా," అన్నాడు బాబాయ్ తేనె పూసిన గొంతుతో. "పిల్ల మాట కాదు గానీ నీ ప్రాణం ముఖ్యం. పలక సంగతి నేను చూసుకుంటా."

"నువ్వు మాట్లాడకు బాబాయ్! నీకు నాన్న బతకడం కాదు, నాన్న ఇక్కడ లేకపోవడం కావాలి. ఆయన ఇరవై అన్నప్పుడు నీ మొహం ఎందుకు మాడిందో అందరం చూశాం!"

బాబాయ్ చేతిలో గ్లాసు పళ్లెం మీద టప్పున పడింది. పగల్లేదు. లఖ్దర్ ఎవరి వైపూ చూడకుండా ఫోను తీశాడు. "నేను బండి పిలుస్తున్నాను. మిగతావి మీరు మీరు చూసుకోండి."

"పిలువు," అన్నాడు నాన్న. "ఎక్కేది ఎవరు? మీ డాక్టరొచ్చి మోసుకెళతాడా? రేపు పలక నా చేతిలో ఉంటుంది. ఈ పరుపుతో సహా మోయించుకుని వెళ్తాను రాయి దగ్గరికి. ఆ తర్వాత చస్తే చస్తాను."

"మామా, ఇది అంతదాకా ఆగే సంగతి కాదు."

"దీన్ని నా కళ్ల ముందు నుంచి తీసెయ్యండి," అన్నాడు నాన్న. నా వైపు వేలు కూడా చూపించలేదు. దీన్ని అంటే ఎవరో అందరికీ అర్థమైంది. "ఇది గదిలో ఉండగా నేను ఎవరికీ ఏ జవాబూ చెప్పను."

అప్పుడు వంటింటి గుమ్మంలో అమ్మ కనబడింది. ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలీదు. చేతులకి తడి రవ్వ అంటుకుని ఉంది. ఇంత గొడవలో అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. అమ్మ ఎప్పుడూ మాట్లాడదు. బాబాయ్ వస్తే టీ ఆకు తీస్తుంది, నాన్న అరిస్తే వంటింట్లోకి వెళుతుంది, నాన్నమ్మ సాధిస్తే అవునత్తయ్యా అంటుంది. నా పిరికితనం అమ్మ దగ్గర్నించే వచ్చిందని చాలాసార్లు రాసుకున్నాను.

ఆవిడ గది దాటి నా దగ్గరికి వచ్చింది. నా భుజం మీద చేయి వేసింది. ఒక్క క్షణం, నా పక్కన నిలబడటానికే వచ్చిందనుకున్నాను. ఆవిడ వైపు ఒరిగాను కూడా.

కానీ ఆ చేయి నన్ను నెట్టింది. మెల్లగా, ఆగకుండా, గుమ్మం దాకా నెట్టుకుంటూ తీసుకెళ్లింది. నేను చెప్పులు వేసుకోలేదు. వీధిలో ఇసుక కాలుతోంది. ఎదురింటి ముసలాయన నీడలో కూర్చుని మమ్మల్నే చూస్తున్నాడు.

"అమ్మా, నేను చెప్పింది నిజం," అన్నాను. ఏడుపొచ్చేసింది. కోపంతో వచ్చే ఏడుపు, అది నాకు అసలు నచ్చదు. "నువ్వైనా నమ్మవేం అమ్మా?"

అమ్మ వెనక్కి తిరిగి గది వైపు చూసింది. లోపల లఖ్దర్ ఫోనులో "ఇంకా లేదు డాక్టర్ గారూ, ఒప్పుకోవడం లేదు," అంటున్నాడు. అమ్మ నా చెవి దగ్గరికి వంగింది. ఆవిడ ఊపిరి వేడిగా తగిలింది.

"నమ్మడమేమిటే," అంది. "ఒంపిన మొదటి పూట నుంచీ నాకు తెలుసు."

నేను తలెత్తి ఆవిడ మొహం చూసేలోపే తలుపు మూసేసింది. లోపల గడియ పడింది.